గొడ్డు డాక్టరు

కంచిలి టీకొట్టు దగ్గర యువరాజు జీడిపిక్కల బేరం మాట్లాడుతుంటే ఎవరో వచ్చి మెల్లగా భుజం తట్టారు.

బక్కపలచటి మనిషి. యాభై దాటి ఉంటాయి. పక్కన ఆపిన స్కూటరు వెనక ఐసు పెట్టె కట్టి ఉంది.

"యువరాజు గారూ, నా పేరు నతానియేల్. విశాఖ పరిశోధన కేంద్రం నుంచి వచ్చాను. కొంచెం పక్కకి వస్తారా?"

"పక్కకెందుకు? ఏటో ఇక్కడే సెప్పు."

ఆయన గొంతు తగ్గించాడు.

"పిల్లలు లేని మగవాళ్ల వీర్యకణాల మీద పరిశోధన చేస్తున్నామండి. లోపం ఎక్కడుందో పట్టుకుంటే వైద్యానికి దారి దొరుకుతుంది. మీరూ నమూనా ఇస్తే..."

గొంతు తగ్గించినా వినపడాల్సిన వాళ్లకి వినపడింది. బెంచీ మీద కూర్చున్న పోలారావు కిసుక్కున నవ్వాడు.

యువరాజు మొహం ఎర్రబడింది.

"లోపం మా ఇంటిదానిది. నాకేటి? నానేటి తక్కువోణ్ణా?"

"తక్కువా ఎక్కువా కాదు బాబూ. జ్వరం లాంటిదే ఇదీను."

"సర్లే గానీ, నీకెంతమందేటి పిల్లలు?"

ఆయన బెంచీ మీది వాళ్లందర్నీ ఒకసారి చూశాడు.

"లేరు బాబూ. లోపం నాదే. పరీక్ష చేయించుకున్నాకే తెలిసింది. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు."

టీకొట్టంతా గొల్లుమంది.

"సూసారేట్రా! తనకే దిక్కు లేదు గానీ, ఈ గొడ్డు డాక్టరు మనకి పిల్లల్ని పుట్టిత్తాడట!" అన్నాడు యువరాజు.

ఆ పేరు ఆయనకి అతుక్కుపోయింది. ఉద్దానంలో ఏ ఊరికి వెళ్లినా స్కూటరు కన్నా ముందు ఆ పేరు చేరేది. అయినా ఆయన తిరుగుతూనే ఉన్నాడు.

యువరాజు భార్య శ్రావణి అప్పటికే పలాసలోనూ టెక్కలిలోనూ ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. నీలో ఏ లోపమూ లేదనే అందరూ చెప్పారు. అత్త వరహాలమ్మ మాత్రం గొడ్రాలనే పిలిచేది.

"ఆయనెవలో మంచోడిలాగున్నాడు మావా. ఒక్కసారి నువ్వూ సూపించుకోరాదా?" అంది శ్రావణి అన్నం వడ్డిస్తూ.

యువరాజు కంచం విసిరికొట్టాడు.

మర్నాడు రోడ్డు మీద ఆ స్కూటరు కనిపించేసరికి అతనికి ఒళ్లు తెలియలేదు. ఐసు పెట్టెను ఒక్క తన్ను తన్నాడు. మూత ఊడి, సీసాలు దొర్లి పగిలాయి.

ఆయన కోప్పడలేదు. వంగి గాజుపెంకులు ఏరసాగాడు.

"ఇవి వేరేవాళ్లవి బాబూ. ఎంతో ధైర్యం చేసి ఇచ్చారు. మళ్లీ ఏ మొహంతో అడగను?"

తనూ వంగి ఏరదామనుకున్నాడు యువరాజు. జనం చూస్తున్నారని ఆగిపోయాడు.

ఆ ఆగిపోవడం అతన్ని చాలాకాలం గుచ్చింది.

నతానియేల్ మళ్లీ కంచిలి వైపు రాలేదు. ఓ రోజు తోటలో పోలారావే ఆ మాటెత్తాడు.

"బావా, ఆ సీసాల్లో నాదీ ఉంది."

"నీదా? మరి నవ్వినావు కదేట్రా?"

"నవ్వకపోతే అందరికీ తెలిసిపోదేటి? మళ్లీ ఇవ్వడానికి ధైర్యం సాల్లేదు."

యువరాజు వంగి, రాలిన జీడిపిక్కలు ఏరసాగాడు.

శ్రావణి ఆ ఏడే రావివలస పుట్టింటికి వెళ్లిపోయింది. బస్సెక్కేటప్పుడు కూడా ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండుననిపించింది అతనికి.

ఆ తర్వాత కొన్నేళ్లకి పెద్దమనుషులు తెగదెంపులు చేశారు. వరహాలమ్మ కొడుక్కి మళ్లీ సంబంధాలు వెతికింది. టెక్కలి గణపతిరావు పిల్లనిస్తానన్నాడు.

"ఏటనుకోకు బాబూ. ముందు నువ్వు పరీక్ష సేయించుకునొచ్చీ. ముహూర్తం సంగతి తర్వాత."

ఎవరికీ చెప్పకుండా యువరాజు విశాఖ రైలెక్కాడు.

పరిశోధన కేంద్రంలో తెల్లకోటు వేసుకున్న అమ్మాయి అతన్ని కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పింది.

"మీ వీర్యంలో కణాలు లేవండి. మగవాళ్లలో వై క్రోమోజోమని ఉంటుంది. వీర్యకణాల తయారీకి కావలసిన ముక్క ఒకటి మీకు అందులో లేదు. పుట్టుకతోనే అంత. మీ తప్పేం కాదు."

"మందేటీ లేదా అమ్మా?"

"ఇలాంటి వాళ్లలో కొందరికి మొదట్లో కాసిని కణాలుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. ముందే వచ్చుంటే ప్రయత్నించి చూసేవాళ్లం. మా సారు మీ వైపు ఊరూరా తిరిగింది అందుకే."

యువరాజు కుర్చీలోంచి ముందుకి వంగాడు.

"సారంటే... నతానియేల్ గారా?"

"అవునండి. ఇక్కడ ఈ పరీక్ష మొదలుపెట్టింది ఆయనే. పోయినేడు చనిపోయారు."

యువరాజు లోలోపల లెక్క చూసుకున్నాడు. ఏ లోపమూ లేని శ్రావణి చేత తన లోపం మోయించాడు. మేలు చేయడానికి వచ్చిన మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేశాడు. ఆమె కాళ్ల మీదైనా పడొచ్చు. ఆయన్ని ఎక్కడని వెతకడం?

"పాపం, ఆయనకీ పిల్లలు లేరు గదమ్మా," అన్నాడు తల దించుకుని. "నాలాగే."

ఆ అమ్మాయి చేతిలో కలం పక్కన పెట్టింది.

"ఎదుటి మగవాడికి సిగ్గు పోవాలని, వెళ్లిన ప్రతి ఊళ్లోనూ అలాగే చెప్పేవారండి," అంది. "నేను ఆయన రెండో కూతుర్ని."