పైపెచ్చు

"నోరు బాగా తెరవండి దీదీ," అన్నారు పెద్ద డాక్టరు.

మేరీరాణి తెరిచింది. పళ్ళు చూపించడానికే. మాట్లాడటానికి ఇంకా ధైర్యం రాలేదు.

భవానీపూర్‌లోని ఆ పళ్ళ ఆసుపత్రిలో డాక్టరు చదువు కూడా చెబుతారు. ఆ చదువు చెప్పే పెద్ద డాక్టరే ఇప్పుడు టార్చి వేసి చూస్తున్నారు. ముందు రెండు పళ్ళ మీదా పెచ్చులూడి ఉన్నాయి. పళ్ళు దగ్గర చెయ్యడానికి అతికించిన క్లిప్పులు తీసేటప్పుడు జిగురుతో పాటు పంటి మీది పింగాణీ పొర కూడా లేచొచ్చింది. మిగిలిన జిగురు అరగదీయబోయి యంత్రంతో పన్నునే అరగదీశారు. గీతలు పడ్డాయి. ముఖం మీద గీతలు వయసుతో వస్తాయి. ఇవి వైద్యంతో వచ్చాయి.

"ఈ పొర మళ్ళీ పెరగదు," అన్నారావిడ, చేతికి అద్దం ఇస్తూ. "పైన పూత వెయ్యొచ్చు. కొన్నేళ్ళకి ఊడుతుంది. మళ్ళీ వెయ్యాలి. ఇక ఎప్పటికీ అంతే."

పోయింది పై పెచ్చు. పైపెచ్చు, గాలి తగిలితే జివ్వుమంటోంది.

మేరీరాణిది మామూలు నోరు కాదు. లిలువా రైల్వే కాలనీ తెలుగు చర్చిలో ఇరవై ఏళ్ళుగా పాట ఎత్తుకునేది ఆమే. ఎత్తుకోవాలంటే గాలి పీల్చాలి. పీలిస్తే పన్ను ప్రాణం పీలుస్తోంది. అందుకని క్రిస్మస్ నుంచి వెనక బెంచీలో కూర్చుని, కొంగు అడ్డం పెట్టుకుని, పెదవులు మాత్రం కదుపుతోంది.

అసలు ఆ పళ్ళకి వచ్చిన లోటేమీ లేదు. రెండిటి మధ్యా చిన్న సందు, అంతే. భర్త యేసురత్నం బతికున్నన్నాళ్ళూ పాట ఆ సందులోంచే వస్తుందనేవాడు. ఆయన పోయిన మూడేళ్ళకి, యాభై ఒకటో ఏట, ఉన్నట్టుండి క్లిప్పులు పెట్టించుకుంది. రైల్వే వర్క్‌షాపులో బోగీలు పట్టాలెక్కిస్తారు గానీ, ఈవిడ పళ్ళకే పట్టాలేయించుకుందని కాలనీ అంతా నవ్వింది.

ఆర్నెల్ల కిందట పక్క క్వార్టర్లో దిగిన సింహాచలమ్మ అయితే మొహం మీదే అడిగేసింది.

"ఏటొదినా, ఈ వయసులో నోట్లో కంచేటి? నాలిక పారిపోద్దనా?"

సోకు వదినా, అని నవ్వేసింది మేరీరాణి. రెండేళ్ళు మెత్తన్నం తింది. నెలకోసారి లోకల్ రైల్లో హౌరా, అక్కణ్ణుంచి మినీబస్సులో భవానీపూర్. నోరు పూసిన నెలల్లో కూడా మానలేదు. ఆమెకి క్లిప్పులు పెట్టిన స్టూడెంట్ డాక్టరు దగ్గర మొదలుపెట్టిన మిగతా పేషెంట్లంతా మధ్యలోనే ఎగ్గొట్టారు.

క్లిప్పులు తీశాక పెచ్చులూడిన పళ్ళు చూసిన రోజున సింహాచలమ్మ ఊరుకోలేదు.

"పన్ను కడితే రసీదిత్తారు. నీకు రెండు పన్నులు పోనాయి, రసీదేది? ఎవడా డాక్టరు? పేరు సెప్పు, మా ఆయన సేత కంప్లయింటు రాయిత్తాను."

"చదువుకుంటున్నవాళ్ళు వదినా. చెయ్యి తిరగాలి కదా."

"నీ నోట్లోనేటి తిప్పుకోడం? పోనీ, హాస్టల్లో ఉన్న మీ అమ్మాయికైనా సెప్పేవా?"

"దానికి పరీక్షలు. దాని దగ్గర ఈ మాట ఎత్తకు."

ఇప్పుడు పెద్ద డాక్టరు బల్ల మీద రెండు కాగితాలు పెట్టారు. ఒకటి ఫిర్యాదు. రెండోది, వైద్యం తృప్తిగా జరిగిందని. వైద్యం అయ్యాక తీసిన పళ్ళ ఫోటోల్లో అనుమానం వచ్చి తనే పిలిపించానన్నారు. ఫిర్యాదు రాస్తే ఈ కేసు లెక్కలోకి రాదట. పూర్తి చేసిన కేసు ఒక్కటైనా లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరట. ఆ స్టూడెంటుకి ఉన్నది ఈ ఒక్కటేనట. రాస్తే ఏడాది పోతుంది.

"పోతే పోనివ్వండి," అన్నారావిడ. "నోరు మీది. సంతకం పెట్టమని మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేశారా?"

మేరీరాణి నాలుకతో ఆ గరుకు తడిమి చూసుకుంది. క్లిప్పు తీసిన రోజు టక్కుమన్న చప్పుడు గుర్తొచ్చింది. ఏమైందని అడిగితే, "ఏం లేదు, జిగురు" అని జవాబొచ్చింది. ఆ మాట తలుచుకుంటే గాలి తగలకుండానే జివ్వుమంటుంది.

"ఎవరూ చెయ్యలేదండి," అని తృప్తి కాగితం మీద సంతకం పెట్టింది.

"చర్చిలో పాడతానన్నారు కదా. మళ్ళీ పాడలేరేమో, ఆలోచించారా?"

"ఆదివారానికి ఎవరో ఒకరు పాడతార్లెండి."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు తోసుకుని వచ్చింది.

బయట తెల్లకోటులో, మేరీరాణి కేసు ఫైలు గుండెలకి హత్తుకుని నిలబడ్డ కూతురు కారుణ్య, ఆమె నోటి వైపు చూడకుండానే, "సంతకం పెట్టేశావు కదమ్మా?" అంది.