శవం చూపించలేదుగా

సగం జడలు అల్లిన తలతో అకేయో కుర్చీలో ముందుకు వంగింది.

"ఆ రక్తమేంటి నాయనా! అది అంతరిక్ష నౌకా, మాంసం కొట్టా?"

గుమ్మం ముందు మోటార్‌సైకిల్ మీదే కూర్చున్న ఒబుయా నవ్వాడు. వారమంతా కెన్యాలోని కిసుము వీధుల్లో బాడుగకు తిరిగేవాడు శనివారం మధ్యాహ్నం మాత్రం ఈ జడల దుకాణం దగ్గరే ఉంటాడు. ముందురోజు టీవీలో వచ్చిన సీరియల్ సంగతి తేల్చాలి కదా.

"రక్తం మాట వదిలెయ్ అక్కా. హీరోయిన్ మీరెన్ చచ్చిపోలేదు."

"తలుపు తీసి శూన్యంలోకి తోసేశారు కదరా! అక్కడ గాలైనా ఉండదు."

"శవం చూపించారా? చూపించలేదుగా. అంటే బతికున్నట్టే. మళ్లీ వస్తుంది, చూస్తూ ఉండు."

జడ అల్లుతున్న అడెరో చేతులు ఆగాయి.

ఆమె తమ్ముడు ఒజ్వాంగ్ నిరుడు చేపల వేటకని సరస్సు మీదికి వెళ్లాడు. పడవొక్కటే తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి వాళ్లమ్మ చేప ముట్టలేదు.

శవం దొరకనివాడికి బదులు పొడవాటి యాగో చెట్టు కాయను గుడ్డలో చుట్టి పాతిపెట్టడం వాళ్ల ఆచారం. తల్లి ఎన్నిసార్లు అడిగినా అడెరో ఒప్పుకోలేదు. కాయ పాతితే వాణ్ని మనమే చంపినట్టని దెబ్బలాడింది.

"వచ్చేవారం ఇంకో నౌక వచ్చి దాన్ని ఎక్కించుకుంటుంది. పందెం!" అన్నాడు ఒబుయా.

"చచ్చిపోయింది."

"ఏంటి, అడెరో అక్కా?"

"మీరెన్ చచ్చిపోయింది. ఇంక వదిలెయ్యండిరా దాన్ని. ఆ చీకట్లో ఒక్కదాన్నే ఎంతకాలం తిప్పుతారు?"

ఒబుయా తల దించుకున్నాడు.

అకేయో అడెరో చేతిలోని దువ్వెన మెల్లగా తీసుకుంది.

"వెళ్లు. నా తల ఎక్కడికీ పోదులే."

అడెరో ఎండలోకి వెళ్లి ఫోన్ చేసింది.

"అమ్మా, తమ్ముడికి యాగో కాయ తెప్పించు."



"నీ నోటితో నువ్వే అనాలని ఆగానే తల్లీ," అంది తల్లి. "మీ నాన్న సమాధి పక్కనే పెడదాం వాణ్ని."

అడెరో వీధిలోనే నిలబడి ఏడ్చింది. తల్లి ఆపలేదు.

ఏడుపు తగ్గాక ఊపిరి హాయిగా, లోపలిదాకా అందింది.

"తిన్నావా?" అడిగింది తల్లి.

"ఇంకా లేదు. నువ్వో?"

"ఇవాళ చేపలు తెచ్చుకుంటానే."