జ్వరం లేని అవ్వ

జ్వరం లేనివాళ్లు వరుసలోంచి తప్పుకోవాలని ఆశా కార్యకర్త మంగమ్మ రెండుసార్లు చెప్పింది.

ఇద్దరు ముగ్గురు తప్పుకున్నారు. ఒక ముసలామె మాత్రం కదల్లేదు.

దుమ్ముగూడెం దాటి అడవిలోకి మళ్లే దారిలో ఒక చిన్న ఊరు. బడి వరండాలో మలేరియా శిబిరం పెట్టారు. బల్ల వెనక కూర్చున్నది షబ్రీన్. ఖమ్మంలో కుట్టుమిషన్లు బాగుచేసే హమీద్ కూతురు. హైదరాబాదులో కొత్త మందులు కనిపెట్టే ల్యాబులో సైంటిస్టు.

ముసలామె వంతు వచ్చింది. నుదురు చల్లగా ఉంది. అయినా వేలు చాచింది.

ఎన్నాళ్ల నుంచి జ్వరమని షబ్రీన్ అడిగింది.

"జ్వరం లేదు బిడ్డా. రక్తం తీస్కో."

తెచ్చిన పరీక్ష కిట్లు తక్కువ. ఆమె వెనక దుప్పట్లు కప్పుకొని వణుకుతున్నవాళ్లున్నారు.

"జ్వరమొస్తే రా అవ్వా. ఇప్పుడొద్దు."

ముసలామె చేయి వెనక్కి తీసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

షబ్రీన్ ఆమెను అప్పుడే మరిచిపోయింది. తన మనసంతా పక్కనున్న పెట్టె మీద ఉంది. అందులో పసుపు రంగు మాత్రలున్నాయి.

ఆ మాత్ర వెనక చాలా కథ ఉంది.

పదకొండేళ్ల కిందట ఈ అడవి అంచు నుంచే ఒకరి రక్తం హైదరాబాదు చేరింది. ఉన్న మందులు వేటికీ లొంగని మలేరియా క్రిమి అందులో ఉంది. సీసా మీద అంకెలే తప్ప పేరు లేదు. ల్యాబులో పేర్లు రాయరు.

షబ్రీన్ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ క్రిమిని బతికించడం ఆమె పని. రోజు విడిచి రోజు దానికి కొత్త రక్తం పోయాలి. లేకపోతే చచ్చిపోతుంది. ఎనిమిదేళ్లు పోసింది. రంజాన్ పండుగ పూట కూడా షీర్ ఖుర్మా రెండు చెంచాలు తాగి ల్యాబుకు పరుగెత్తింది.

అరచేతంత ప్లేటు. అందులో మూడువందల ఎనభై నాలుగు గుంటలు. ప్రతి గుంటలో ఆ క్రిమే. పైనుంచి యంత్రపు చేయి ఒక్కో గుంటలో ఒక్కో రసాయనాన్ని, కంటికి ఆనని చుక్కగా వదులుతూ పోతుంది. ప్లేటు తర్వాత ప్లేటు. అలా మూడు లక్షల రసాయనాలు.

కొన్నిటికి క్రిమి అసలు చావలేదు. కొన్నిటికి క్రిమితో పాటు మనిషి కణాలూ చచ్చాయి. వడగట్టి వడగట్టి చూస్తే చివరికి మిగిలింది ఒక్కటి.

ఆ ఫలితం వచ్చిన రోజు షబ్రీన్ చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. మూడు లక్షల తాళంచెవుల్లో ఒక్కటి తిరిగింది.

అదీ నేరుగా మనిషికి పనికిరాలేదు. కడుపులో కరిగేది కాదు. కెమిస్టులు దాన్ని పట్టుకుని నాలుగేళ్లు కూర్చున్నారు. ఇక్కడ ఒక కొస తీసేసి, అక్కడ ఇంకోటి అతికించి, రెండువందల పైచిలుకు కొత్త రసాయనాలు తయారుచేశారు. అందులో ఒకటి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద పరీక్షకు నిలిచింది. ఇప్పుడు జ్వరమున్నవాళ్లకు ఇచ్చి చూడాలి.

మందు కొత్తదని, ఇష్టముంటేనే వేసుకోమని షబ్రీన్ దాచకుండా చెప్పింది. విన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. సాయంత్రానికి ఒప్పుకున్నది ముగ్గురే.

ఆ రాత్రి ఆమె మిగిలిన మాత్రలు మళ్లీ లెక్కపెట్టి పెట్టె మూసింది.

తెల్లారి వచ్చేసరికి వరండా నిండా జనం. ఇరవై ఆరు మంది. మిరప చేలో పనిచేసే నాని, నడవలేక భార్య భుజం మీద వాలి వచ్చాడు. మంగమ్మ రాత్రికి రాత్రే మాట్లాడి తెచ్చిందనుకుంది షబ్రీన్.

నాలుగో రోజు నాని రక్తాన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. గాజుపలకను ఎటు జరిపినా క్రిమి లేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చూసింది. లేదు.

బయట నాని గోడకానుకుని గంజి తాగుతున్నాడు. ఆమె తలుపు దగ్గరే నిలబడి, అతను గిన్నె ఖాళీ చేసేదాకా చూస్తూ ఉండిపోయింది.

నెల తర్వాత చివరి పరీక్షకు మళ్లీ ఆ ఊరు వచ్చింది. ఇరవై తొమ్మిది మందిలో ఒక్కరికీ జ్వరం తిరగబెట్టలేదు. రెండో రోజు అంతమందిని తెచ్చినందుకు షబ్రీన్ మంగమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"నేను తేలేదు మేడం. ఈ జ్వరానికి మందొచ్చిందని పున్నమ్మ ఇంటింటికి తిరిగి తోల్కొచ్చింది. మీరు జ్వరం లేదని పంపిన్రు గదా, ఆమెనే."

ఆమెను పిలిపించమంది షబ్రీన్.

"పోయిన ఆదివారం సచ్చిపోయింది మేడం. నిద్రలనే పోయింది."

జ్వరం లేకుండా రక్తం తీయమని ఎందుకు అడిగిందని షబ్రీన్ నెమ్మదిగా అడిగింది.

మంగమ్మ చెప్పింది. పదకొండేళ్ల కిందట పున్నమ్మకు ఏ మాత్రకూ తగ్గని జ్వరం వచ్చిందట. మంచం మీద దవాఖానాకు మోసుకుపోయారట. హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరు ఒక సీసాడు రక్తం తీసుకుని, ఈ జ్వరానికి మందు వెతుకుతామని చెప్పాడట. చాలా రోజులు మంచంలోనే ఉండి చివరికి ఎలాగో కోలుకుందట. ఆ ఏడు ఇక్కడి నుంచి హైదరాబాదు పోయిన రక్తం ఆమెదొక్కటే.

"అప్పటి నుంచి ఏ క్యాంపు పెట్టినా వచ్చేది మేడం. అప్పుడిచ్చింది గింతనే, అది ఎప్పుడో అయిపోయుంటది, మళ్ల ఇయ్యాలె అనేది. మేం నవ్వేటోళ్లం."

షబ్రీన్ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

అది అయిపోలేదని, ఎనిమిదేళ్లుగా తాను రోజు విడిచి రోజు రక్తం పోసి బతికించింది పున్నమ్మ జ్వరాన్నేనని చెప్పడానికి ఆమె ఎదురుగా ఇప్పుడు పున్నమ్మ లేదు.