ఒక్కరికే సెలవు

"మీ అమ్మ రెండేండ్ల నుంచీ ఈపొద్దా రేపా అంటానే ఉండాది గదక్కా! నా నేల ఇరవయ్యో తేదీ దాటితే ఉండదు."

అనేశాక గానీ తానేమందో వార్సినీకి తెలియలేదు. ఓబులమ్మ చేతిలోని పాల గ్లాసు వంటగట్టు మీద పెట్టి ఆమె వైపు తిరిగింది.

వార్సినీది జావా దీవి. అక్కడి కొండల మీద ఆలుగడ్డలు పండించే చిన్న ఊరు. భర్త పోయాక కూతుర్ని తన అక్క దగ్గర వదిలి, ఒమన్‌లో అల్ హైల్‌లోని ఈ ఇంటికి వంటమనిషిగా వచ్చి తొమ్మిదేళ్లయింది. మంచం పట్టిన పెద్దావిడను చూసుకునే ఓబులమ్మది కడప జిల్లా. ఇద్దరిదీ ఒకే గది. అరబ్బీ కంటే ముందు వార్సినీకి ఓబులమ్మ తెలుగే వచ్చింది. ఇప్పుడు ఆ తెలుగులోనే ఆమెతో పోట్లాడుతోంది.

పోట్లాట సెలవు గురించి. పెద్దావిడను వదిలి ఇద్దరూ ఒకేసారి వెళ్లడానికి వీల్లేదని మేడమ్ ఎప్పుడో చెప్పింది. ఈసారి వంతు ఓబులమ్మది. వచ్చే వారానికి టికెట్ కూడా తీశారు.

"నాలుగేండ్లాయ మా అమ్మ మొగం చూసి," అంది ఓబులమ్మ. "నీ నేల యాడికి పోతాదే? దానికేమన్నా కాళ్లుండాయా?"

"ఉండాయక్కా. ఈ వానలకు మా కొండకు కాళ్లొచ్చినాయి. ఊరు ఊరంతా కిందికి జారతాంది."

వార్సినీ ఫోన్ ఆమె ముందు పెట్టింది. మెట్లు మెట్లుగా ఉన్న ఆలుగడ్డ మడులకు అడ్డంగా మనిషి దిగేంత పగులు. ఇంటి గోడ రెండుగా చీలింది. కూతురూ అక్కా బడిలో తలదాచుకుంటున్నారు. నేల పోయినవాళ్లకు కొండ కింద చదునులో సర్కారు జాగాలిస్తోంది. కానీ ఎవరి పేరున నేల ఉందో వాళ్లే వచ్చి వేలిముద్ర వేయాలి. వార్సినీ అక్క వెళ్లి అడిగితే కుదరదన్నారు. ఇరవయ్యో తేదీలోగా రాకపోతే పేరు కొట్టేస్తారట.

ఓబులమ్మ ఆ ఫొటో చాలాసేపు చూసింది.

"నీకు కూతురుండాది, అక్క ఉండాది. నాకు మా అమ్మ ఒక్కతే," అని ఫోన్ తిరిగి ఇచ్చేసి, పాలు తీసుకుని పెద్దావిడ గదిలోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఓబులమ్మ బట్టలారేయడానికి ఫోన్ కూడా పట్టుకుని మిద్దె మీదికి వెళ్లింది. నాలుగు దుప్పట్లు ఆరేయడానికి ఎంతసేపు కావాలి? పెద్దావిడ రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలిచాక ఓబులమ్మ మెట్లు దిగింది. ముఖం కడుక్కున్నట్టుంది, చున్నీ తడిసి ఉంది. వార్సినీ వైపు చూడకుండా నేరుగా మేడమ్ గదికి పోయి, కాసేపటికి బయటికొచ్చింది.

"నా సెలవు నీకియ్యమన్నా. రేపే టికెట్ చేస్తారంట. పో."

వార్సినీ గరిటె పక్కన పెట్టింది. "మరి అమ్మో?"

"అమ్మ నిమ్మళంగా ఉందంట. ఇంగ నాకు తొందరేం ల్యాదు."

వార్సినీ వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయింది. "పొద్దున నోరు జారినానక్కా..."

"లెయ్ లెయ్. నువ్వన్న దాంట్లో అబద్ధమేముంది? పెట్టె సర్దుకో పో."

పెట్టె మాత్రం ఓబులమ్మే సర్దింది.

జకార్తాలో దిగాక ఒక రోజంతా బస్సు. తర్వాత ఎరువు బస్తాల మీద కూర్చుని కూరగాయల బండిలో కొండపైకి. చివరికి ఎవరిదో మోటార్‌సైకిల్ వెనక ఎక్కింది. ఊరి మలుపు దగ్గర రోడ్డు సగంలో తెగిపోయి ఉంది. అవతల మంచు తప్ప ఏమీ కనిపించలేదు. మంచు విడిచాక, బురదలోంచి తొంగిచూస్తున్న నాలుగు వరసల పెంకులు కనిపించాయి. అది ఆమె ఇల్లు. తండ్రి గుద్దలితో తవ్వి మెట్లు చేసిన నేలలో ఒక్క మెట్టూ మిగల్లేదు. తనకంటే ఎత్తు ఎదిగిన కూతుర్ని పట్టుకుని వార్సినీ అక్కడే కూలబడింది.

పందొమ్మిదో తేదీన వరసలో నిలబడి వేలిముద్ర వేసింది. నాలుగు కర్రలు పాతి తాడు కట్టిన జాగా చూపించారు. కూతురు అందులోకి దూకి, "అమ్మా, ఇక్కడ వంటిల్లు!" అంది. ఆ ఫొటో పంపితే ఓబులమ్మ గొంతు జవాబుగా వచ్చింది. "పొయ్యి ఆ మూలకు పెట్టుకోవే. కొండగాలి కొట్టదు."

నలభై రోజులకు వార్సినీ అల్ హైల్‌కు తిరిగొచ్చింది. ఓబులమ్మ చిక్కిపోయి ఉంది. గదిలోకి వెళ్లగానే వార్సినీ పెట్టె తెరిచి, కొండ ఊరి సంతలో కొన్న ఉన్ని శాలువా తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

"ఇది అమ్మకక్కా. మేడమ్‌తో దారిలోనే మాట్లాడినా. ఈ నెల్లోనే నువ్వు పోవచ్చంట."

ఓబులమ్మ శాలువా మడత విప్పి అరచేత్తో నిమిరింది. "మెత్తగా ఉండాది. మీ అక్కకు ఇయ్యకపోయినావా?"

"అమ్మకని తెచ్చినా గదా! నీ చేత్తో కప్పు. నేను పంపినానని చెప్పు. ఆమె వంతు తీసుకుని పోయినా గదక్కా, నా మీద కోపంగా ఉందేమో."

ఓబులమ్మ శాలువాను మళ్లీ జాగ్రత్తగా మడిచింది.

"చెప్తే నువ్వు పోవని చెప్పల్యా వార్సీ. మనం కొట్లాడుకున్న ఆ పొద్దే మా అమ్మ పోయింది."