సరళరేఖలో వంపు

చిత్రశాల ఎంపిక సంఘానికి అధ్యక్షపీఠం ఖాళీ అయింది. దానిని అధిష్ఠించదగిన మహనీయుడు ముల్లోకాలలోనూ తానొక్కడేనని గీతాచార్యులవారికి ఏనాడూ సందేహం కలగలేదు. గీతల మీద, గళ్ల మీద ఏడు గ్రంథాలు రాసినందుకు శిష్యులు తగిలించిన బిరుదే ఆ పేరు. అడ్డమల్లా ఒక్కటే. పరీక్ష నెగ్గి పత్రం తేవాలట. సోమవారంలోగా తేకపోతే పీఠం ఆయన బద్ధశత్రువు గడ్డం విమర్శకుడి పాలవుతుంది.

నలభై ఏళ్లు అందరికీ పరీక్షలు పెట్టిన తనకు పరీక్ష!

"నాన్నా, అడిగినదానికే జవాబు చెప్పండి. ఉపన్యాసం మొదలెట్టకండి," అంది కూతురు, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోబోతూ. ఆయన విదిలించుకున్నారు.

లోపల పరీక్షించే అమ్మాయి మనవరాలి ఈడుది. ఒక అట్టను ఎదురుగా నిలబెట్టింది. నల్లగీతల గళ్లు, వాటి నడుమ ఎరుపు, పసుపు, నీలం చదరాలు.

"ఏం కనిపిస్తోందో చెప్పండి సార్."

పాపం, పసిపిల్ల! ఆచార్యులవారు గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, పామరులు వీటిని తిన్నని గీతలంటారు. ఆ గడ్డంవాడూ అదే కూశాడు. మొన్నటి పుస్తకంలో ఉతికి ఆరేశాను. మధ్యకొచ్చేసరికి గీత నడుం వంచింది, చూశావా? సన్నగా వణుకుతోంది కూడా. నవయుగ దుఃఖభారం!"

"అన్ని గీతలూనా సార్?"

"అన్నీ! ఇక గీతల వెనకున్న నేపథ్యం. తెలుపు కాదది, పాత దంతంలా పండిపోయింది. నీలం నలుపులోకి దిగి తపస్సు చేస్తోంది. ఎరుపొక్కటే ఇంకా లోకాన్ని నమ్ముతోంది."

"నట్టనడుమ గడి?"

"అక్కడేమీ లేదు. చిత్రకారుడు కావాలనే వదిలాడు. ఆ శూన్యంలోనే ఉంది అసలు కళంతా!"

ఆమె ఒక్క ముక్క పోనీయకుండా రాసుకుంటోంది. ఇన్నాళ్లకు తగిన శిష్యురాలు దొరికిందని ఆయన ఉప్పొంగిపోయారు.

"ఎన్నాళ్లనుంచి ఇలా చూస్తున్నారు సార్?"

"మూడేళ్లనుంచి. నాకు తప్ప ఇంకొకరికి కనిపించలేదు," అన్నారు ఆచార్యులవారు వినయంగా. "ఇక సంతకం పెట్టమ్మా. సోమవారం పీఠమెక్కాలి."

కంటి డాక్టరమ్మ పత్రాన్ని సొరుగులో పెట్టేసి, "ఆ అట్టమీద గీతలన్నీ స్కేలుతో గీసినవే, కాగితం తెల్లటిదే, నట్టనడుమ గడిలో పెద్ద నల్లచుక్క ఉంది సార్," అంది మెల్లగా.