పక్క గది మీటరు

తన తలుపు మీది ఆకుపచ్చ బిళ్ళను కాపలాదారు ఊడదీస్తుంటే నిస్రీన్ చేతులు కట్టుకుని నిలబడింది.

"నా మీద కోపం వద్దమ్మా. ఇంజినీరమ్మ తియ్యమంది, తీస్తున్నా."

"ఎవరికి పెడుతున్నావ్?"

అతను గడ్డంతో పక్క తలుపు చూపించాడు. అది ఘస్సాన్ గది. కొడుకు లైత్ పేరు మీద అందరూ అతన్ని అబూ లైత్ అంటారు.

జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో, వెబ్దె కొండ మీద ఉన్న ఆ భవనంలో అన్నీ కొత్తగా పెట్టిన చిన్న కంపెనీలే. వాళ్ళకు కరెంటు పొదుపు నేర్పడానికి ఇంజినీర్ వఫా నెలనెలా వచ్చి మీటర్లు చూస్తుంది. ఎవరు తక్కువ వాడితే బిళ్ళ వాళ్ళ తలుపుకు. వేసవి చివర అది ఎవరి దగ్గర ఉంటే వాళ్ళకు వచ్చే ఏడాది కూడా పాత అద్దే. మిగిలినవాళ్ళకు పెరుగుతుంది. పెరిగితే తన దగ్గర పనిచేసే ఇద్దరిలో ఒకరిని నిస్రీన్ పంపెయ్యాలి.

చలికాలమంతా బిళ్ళ ఆమెదే. అప్పట్లో ఘస్సాన్ మీటరు బొంగరంలా తిరిగేది. దాన్ని చూసి ఆమె నవ్వుకునేది కూడా.

"ఘస్సాన్ ఏం చేశాడో చూశారా?" వఫా అందరినీ వరండాలోకి పిలిచి చెప్పింది. "కుర్రాళ్ళని ఇళ్ళనుంచే పని చెయ్యమన్నాడు. కిటికీ వెలుతురులో కూర్చుంటున్నాడు. టీ ఇంటినుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటున్నాడు. పొదుపంటే అదీ!"

ఘస్సాన్ తల దించుకున్నాడు. ఆ వినయం చూసి నిస్రీన్‌కు ఒళ్ళు మండింది.

ఆ రోజునుంచి ఆమె గదిలో ఏసీ మోగలేదు. టీ కాచే కెటిల్ బీరువాలోకి పోయి తాళం పడింది.

"అక్కా, ఇది ఆఫీసా, హమ్మామా?" చొక్కా పిండుకుంటూ అడిగాడు ఆమె దగ్గర బొమ్మలు గీసే హైథమ్. "సబ్బొక్కటే తక్కువ."

"పక్క గదిలో ఆయన కూర్చోడంలా?"

"ఆయన మనలా పిల్లల పాఠాలకి బొమ్మలు గియ్యడంలేదుగా! కంప్యూటరు ఆపేస్తే ఈ ఒంటెని ఎవరు నడిపిస్తారు?"

పాఠాలు చదివి రికార్డు చేసే దీమాను ఇంటినుంచి పని చెయ్యమంది నిస్రీన్. దీమా చదివి పంపిన పాఠంలో ఒంటె కథ మధ్యన వాళ్ళ నానమ్మ వంకాయలమ్మేవాడితో పోట్లాడటం వినిపించింది. మొత్తం మళ్ళీ చదివించాల్సి వచ్చింది.

అయినా బిళ్ళ తిరిగి రాలేదు. ఘస్సాన్ మీటరు దాదాపు కదలడమే లేదు.

నిస్రీన్ ఉండబట్టలేక గోడకు చెవి ఆనించి విన్నది. అటువైపు చప్పుడు లేదు. ఎంత ఒద్దికగా పని చేసుకుంటున్నాడో అనుకుని మరింత కుళ్ళుకుంది. ఒకసారి తలుపు సందులోంచి తొంగి చూసింది. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది, తీగ పీకేసి ఉంది. ఘస్సాన్ కోటు విప్పకుండా కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తున్నాడు. పెద్ద పెద్ద ఆలోచనలు చేసేవాళ్ళు అలాగే కూర్చుంటారు కాబోలు. తనకంత తీరిక ఎప్పుడొచ్చింది?

వేసవి ముగిసింది. వఫా చివరిసారి మీటర్లు చూసి ఘస్సాన్ చెయ్యి పట్టుకుని ఊపి మరీ అభినందించింది. ఆమె వెళ్ళాక ఘస్సాన్ నిస్రీన్ దగ్గరకు వచ్చాడు.

"చెల్లెమ్మా, బిళ్ళ మీరే తీసుకోండి. నేను ఇంజినీరమ్మకి ఫోన్ చేసి చెప్తాను."

"ఎందుకూ?"

"మీ దగ్గర ఇద్దరు బతుకుతున్నారు."

"ఓహో, జాలా!" నిస్రీన్ గొంతు వరండా అంతా వినిపించింది. "గెలిచింది చాలక దానం కూడా చేస్తారా అబూ లైత్? మీ బిళ్ళ మీ దగ్గరే ఉంచుకోండి. నాకక్కర్లేదు."

అతను ఇంకేదో చెప్పబోయాడు. ఇంతలో అతని భార్య ఉమ్ లైత్ వేడి కునాఫా మిఠాయి పళ్ళెం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఏదీ, ఆ బిళ్ళ చూడనీ!" అంటూ తలగుడ్డ అంచుతో దాన్ని తుడిచింది. "నేనమ్మిన బంగారు గాజులు ఊరికే పోలేదు. వాటితోనేగా ఈయన కంపెనీ పెట్టింది! కుర్రాళ్ళేరీ? వాళ్ళకీ తెచ్చా."

"ఇళ్ళ దగ్గరే" అన్నాడు ఘస్సాన్.

"అయ్యో, చల్లారిపోతుందే!" ఆమె నిస్రీన్ వైపు తిరిగింది. "మా ఆయన్ని చూసి నేర్చుకోండమ్మా. తెల్లారగానే బయల్దేరతాడు. జ్వరమొచ్చినా ఒక్కరోజు మానడు."

"నేర్చుకుంటూనే ఉన్నాం" అంది నిస్రీన్ పళ్ళ బిగువున.

ఉమ్ లైత్ మొదటి ముక్క మొగుడి నోటికి అందించింది. నిస్రీన్ చూపు తిప్పుకుంది. తను గెలిచిన నెలల్లో ఎవరూ ఇలా పళ్ళెం పట్టుకుని రాలేదు. లోపల హైథమ్ చెమట తుడుచుకుంటూ ఒంటెను నడిపిస్తున్నాడు. పని మానెయ్యమని వాడితో ఎలా అనాలో ఆమెకు తోచలేదు. అంతా ఈ మనిషి వల్లే అనుకుంది.

ఘస్సాన్ నెమ్మదిగా నమిలి మింగాడు. భార్య ముఖంలోకి చూసి ఏదో అనబోయి, "బాగుంది" అన్నాడు.

తన కంపెనీ మూతపడిందని అతను ఇంట్లో ఇంకా చెప్పలేదు.