మెట్ల లైటు ఆర్పిన చెయ్యి

ఒరే బడాయిరాయుడా, నీ చెయ్యి నీ మాటే వింటుందనుకుంటున్నావా? నేనూ అలాగే అనుకున్నాను.

మా అక్క కూతురు మెదడు ల్యాబులో పనిచేస్తుంది. ఓ రాత్రి అందరూ వెళ్లిపోయాక నా నెత్తిన వైర్ల టోపీ పెట్టి, దాన్నో మిషనుకి తగిలించి, "బుద్ధి పుట్టినప్పుడు బటన్ నొక్కు మావయ్యా" అంది.

"నాకు బుద్ధి పుట్టేసరికి తెల్లారిపోతుందే అమ్మడూ!"

లైట్లు ఆర్పింది. అంతా నిశ్శబ్దం. నొక్కుదామని నేనింకా అనుకోనేలేదు, మిషను కుయ్‌మంది. ఆ తర్వాతే నాకు నొక్కాలనిపించింది.

"మెదడు ముందే కదులుతుంది. నీకు తెలిసేది ఆ తర్వాతే" అంది.

మళ్లీ కుయ్‌మంది. ఈసారి కావాలనే వేలు ఆపేశాను. పదిసార్లు అలాగే ఆపి, "మిషన్ని భలే ఏడిపించానే!" అని పడీపడీ నవ్వాను.

తను నవ్వలేదు. "అయితే ఆపగలవన్నమాట. అమ్మ దిగుతుంటే సరదాకి మెట్ల లైటు ఆర్పావే, అప్పుడు మాత్రం చెయ్యి ఆగలేదన్నావు. ఆ రోజు పడ్డ అమ్మ ఇప్పటికీ కర్రతోనే నడుస్తోంది."

"నిజంగానే ఆగలేదే" అనబోయాను. నోరు తెరవకముందే చీకట్లో కుయ్‌మంది.

"అమ్మ ఆ మాట ఏనాడూ నమ్మలేదు మావయ్యా."

ఇన్నేళ్లూ నమ్మిన వెంగళప్పని నేనొక్కణ్ణే.